మొదటి అంగుళం లేని టేపు

టైలరమ్మ మెడలో వేలాడే టేపుకి మొదటి అంగుళం లేదు. ఇరవై ఏళ్ల కిందట ఒకరోజు పొద్దున్నే గుడ్డ కత్తిరిస్తూ ఉంటే, వీధి చివర ఎవరో ఇద్దరు గొంతులు చించుకుని పోట్లాడుకోవడం వినబడింది. ఎవరా, ఎందుకా అని టైలరమ్మ మెడ సాచి చూసింది. మెడ అటు పోయింది గానీ చేతిలో కత్తెర ఆగలేదు. గుడ్డతో పాటు టేపు కొస కూడా కచక్కున తెగి కింద పడింది. పోట్లాట ఎందుకో ఈనాటికీ తెలియలేదు. అంగుళం మాత్రం పోయింది.

"కొత్తది తెచ్చుకోవే" అన్నాడు భర్త.

"ఎందుకూ? ఇంకా యాభై తొమ్మిది అంగుళాలున్నాయి. ఈ వీధిలో నాకంటే లావు మనిషి ఎవరున్నారు?" అంది టైలరమ్మ.

అప్పటి నుంచీ ఆ టేపు ఒకటో అంకె దగ్గరే మొదలవుతుంది. ఇరవై ఐదు అంగుళాల నడుం చుట్టూ వేస్తే ఇరవై ఆరు చూపిస్తుంది. ఆవిడ కనపడిన అంకె కనపడినట్టు పైకి చదువుతుంది. పక్కన బల్ల మీద కూర్చున్న భర్త ఒకటి తగ్గించి పుస్తకంలో రాస్తాడు. ఆవిడ నోరు ఇరవై ఆరు అంటుంది, ఆయన చెయ్యి ఇరవై ఐదు రాస్తుంది. ఎడమకాలి చెప్పు ఎడమకాలికి తొడుక్కోవడానికి ఎవరైనా ఆలోచిస్తారా? ఇదీ అంతే. ఇద్దరిలో ఎవరూ దాని గురించి మళ్లీ ఆలోచించలేదు.

ఆయన పని కాజాలూ గుండీలూ. అందుకే అందరూ కాజాలాయన అంటారు. ఆవిడ పది మాటలంటే ఆయన ఒకటి అంటాడు, ఆ ఒకటీ సూదిలా గుచ్చుకునేది అంటాడు.

కొట్టంటే పెద్ద కొట్టేం కాదు, ఇంటి ముందు గదే. మిషను కిటికీ పక్కన వేసుకుంది టైలరమ్మ. వెలుతురు కోసం అని చెబుతుంది గానీ, అసలు సంగతి అందరికీ తెలుసు. ఆ కిటికీలోంచి ఎదురుగా బడి గేటు కనపడుతుంది, ఇటు పక్క చిరుతిళ్ల కొట్టు కనపడుతుంది. ఏ పిల్ల ఏం కొన్నదీ, ఎవరు ఎవరికి పెట్టకుండా తిన్నదీ, ఎవరు పెట్టినట్టే పెట్టి లాక్కున్నదీ, కాలు మిషను తొక్కుతూనే ఉంటుంది, కన్ను అన్నీ రాసుకుంటూనే ఉంటుంది. కన్ను చూడలేనిది జేబు చెబుతుంది. రిపేరుకి వచ్చిన ప్రతి పంట్లాం జేబూ తిరగేసి చూడందే ఆవిడకి సూదిలో దారం ఎక్కదు.

ఏడాది కిందటి దాకా ఆ జేబుల్లో ఏముండేవని! చిప్సు పొడి, క్రీము బిస్కెట్ల ముక్కలు, కరిగి అంటుకుపోయిన చాక్లెట్టు, దాని మీద బంధుబలగంతో చీమలు. జేబు గుడ్డ నూనెకి అద్దంలా మెరిసేది. వచ్చే రిపేర్లన్నీ ఒకటే రకం. నడుం వదులు చెయ్యండి, నడుం వదులు చెయ్యండి. ఒకావిడ ఒకే పంట్లాం నాలుగు నెలల్లో మూడోసారి తెచ్చింది.

"మీరు సరిగ్గా కుట్టలేదేమో చూడండి" అంది పైగా.

"నేను సరిగ్గానే కుట్టానమ్మా. నువ్వే మీ వాడి నోరు కొంచెం కుట్టుకో" అంది టైలరమ్మ. "లోపల వదలడానికి ఇక గుడ్డ లేదు. ఈసారి కావాలంటే గుడారం గుడ్డ తెచ్చి అతికిస్తా."

సాయంత్రం బడి వదిలితే పిల్లలు సంచులు మోసుకుంటూ ముసలాళ్లలా నడిచి వెళ్లేవాళ్లు. ఆడుకునే వాడు ఒక్కడుండేవాడు కాదు. ఫోను చూసుకుంటూ స్తంభాన్ని గుద్దుకుని దానికి సారీ చెప్పిన వాణ్ణి టైలరమ్మ స్వయంగా చూసింది.

వాళ్ల సంగతి ఒకెత్తు, ఇంట్లో మనవరాలి సంగతి ఒకెత్తు. కూతురూ అల్లుడూ పనులకి పోతారు కాబట్టి పిల్ల అమ్మమ్మ దగ్గరే పెరుగుతోంది. తొమ్మిదేళ్లు. పేరు ఏదో మంచిదే పెట్టారు గానీ అందరూ అగ్గిపుల్ల అంటారు. కంచం ముందు కూర్చుంటే మూడో ముద్దకే కడుపు నిండిపోయేది. గంట తర్వాత చూస్తే పరుపు కింద చిప్సు కవరు గలగలమనేది.

అలాంటి రోజుల్లో బడికి ఆటల టీచరమ్మ వచ్చింది. పాతికేళ్ల పిల్ల, మెడలో ఈల, కాళ్లకి తెల్లబూట్లు. వచ్చిన నెలకే బడి కమిటీతో పోట్లాట పెట్టుకుంది. కమిటీకి పెద్ద లెక్కల మాస్టారు. పదవీ విరమణ చేసి ఆరేళ్లయినా లెక్కలు ఆయన్ని వదల్లేదు. రోజూ ఆటలకని పేరుకి ఉన్న చివరి గంటని కూడా లెక్కలకి ఇచ్చేద్దామన్నాడు. టీచరమ్మ ససేమిరా అంది.

"మూడు నెలలు ఇవ్వండి మాస్టారూ. రోజూ గంట ఆట, విరామంలో ప్యాకెట్లు బంద్. పళ్లు, ఉడకబెట్టిన వేరుసెనగలు, దోసకాయ ముక్కలు, తాగడానికి మంచినీళ్లు. పిల్లల్లో మార్పు రాకపోతే ఆ గంట మీరే తీసుకోండి."

"మార్పు అంటే ఎంత?" అన్నాడు మాస్టారు. "నాకు కబుర్లు వద్దమ్మా, అంకె కావాలి. నడుం కొలతలు తీయించు. మూడు నెలల తర్వాత మళ్లీ తీయించు. తగ్గితే గంట నీది. తగ్గకపోతే నాది."

కొలతలంటే ఇంకెవరు? ఎదురుగా టైలరమ్మ ఉండనే ఉంది. కబురు రాగానే మెడలో టేపు సవరించుకుని బయల్దేరింది. మామూలుగా పక్కన కూర్చుని రాసే కాజాలాయనకి ఆ రోజు పన్నునొప్పి. "నేనే రాసుకుంటానులెండి" అంది టీచరమ్మ. నూట పన్నెండు మంది పిల్లలు వరసలో నిలబడ్డారు. కాస్త బొద్దుగా ఉండి సిగ్గుపడే పిల్లల దగ్గర టైలరమ్మ అంకెని టీచరమ్మ చెవిలో చెప్పింది, మిగతా వాళ్లవి గట్టిగా చదివింది. ఆవిడ ఇరవై ఎనిమిది అంటే టీచరమ్మ ఇరవై ఎనిమిది రాసింది. చదువుకున్న పిల్ల కదా, చెప్పింది చెప్పినట్టు రాసింది. పాపం, అదే కొంప ముంచింది.

మరుసటి రోజు నుంచి ఆటలు మొదలు. మొదటి వారం బడి ఆవరణంతా మూలుగులే. కాళ్లు నొప్పులని ఒకడు, కడుపునొప్పి అని ఒకతె. ఇంకొకడు వాళ్ల బామ్మకి కాలు విరిగింది కాబట్టి తను పరుగెత్తకూడదన్నాడు. టీచరమ్మ ఎవరినీ తిట్టలేదు. పరుగెత్తలేని వాళ్లని నడవమంది, నడవలేని వాళ్లని బంతులు ఏరమంది. బంతులు ఏరాలంటే పరుగెత్తాలి కదా, ఆ సంగతి వాళ్లకి పది రోజులకి గానీ తట్టలేదు.

ప్యాకెట్ల దొంగరవాణా కూడా కొన్నాళ్లు జోరుగానే సాగింది. మేజోళ్లలో, జామెట్రీ బాక్సుల్లో, టోపీల్లో. ఆరో తరగతి వాడొకడు నేరుగా టైలరమ్మ దగ్గరికే వచ్చాడు.

"చొక్కాకి లోపలివైపు ఒక రహస్య జేబు కుట్టరా? ఎవరికీ చెప్పకూడదు."

"నా నోట్లో మాట దాగుతుందని నీకెవరు చెప్పార్రా?" అంది. కుట్టి మాత్రం ఇచ్చింది. పొడుగ్గా, సన్నగా, ఒక్క క్యారెట్టు తప్ప ఇంకేదీ పట్టనంత ఇరుగ్గా కుట్టి ఇచ్చింది. వాడు రెండు రోజులు ఏడ్చి, మూడో రోజు నుంచి నిజంగానే క్యారెట్టు పెట్టుకుని వెళ్లడం మొదలుపెట్టాడు. జేబు వృథా పోవడం ఇష్టంలేక కాబోలు.

రెండో నెలకి మూలుగులు ఆగాయి, కేకలు మొదలయ్యాయి. బడి వదిలినా పిల్లలు ఇళ్లకి పోరు. ఇక టైలరమ్మకి రిపేర్లే రిపేర్లు. "చస్తున్నాను బాబోయ్" అని రోజూ అనడమే. అగ్గిపుల్ల కూడా సాయంత్రం చెమటతో, దుమ్ముతో వచ్చి నేరుగా వంటగదిలోకి దూరేది.

"అమ్మమ్మా, తినడానికి ఏముంది?"

"ఇప్పుడేగా అరటిపండు తిన్నావు?"

"అది ఇందాకటి ఆకలికి."

మనవరాలి నోట ఆకలి అన్న మాట విని టైలరమ్మ కుట్టే బట్ట పక్కన పడేసి కంచం నిండా అన్నం పెట్టింది.

మూడు నెలలూ గడిచాయి. శనివారం కమిటీ మీటింగనగా శుక్రవారం పొద్దున మళ్లీ కొలతలు. టీచరమ్మ ఎంతో ప్రేమగా ఒక కొత్త టేపు తెచ్చి టైలరమ్మ చేతిలో పెట్టింది. ఎర్రటి గుండ్రటి డబ్బాలో చుట్టుకుని ఉండే టేపు. బొత్తాం నొక్కితే సర్రున లోపలికి పోతుంది.

"మీ పాతదాని అంకెలు చెరిగిపోయాయి కదండీ, ఇది మీకే."

టైలరమ్మ ముచ్చటపడిపోయింది. నూట పన్నెండు మందినీ ఆ సర్రు సర్రుల మధ్యే కొలిచేసింది. ఎప్పటిలాగే తను కనపడింది చదివింది, టీచరమ్మ రాసింది. రాస్తున్న కొద్దీ టీచరమ్మ మొహం మతాబాలా వెలిగిపోయింది. ప్రతి ఒక్కరికీ తగ్గింది!

సాయంత్రం ఇంటికి రాగానే టైలరమ్మ కొత్త టేపుని మొగుడి మొహం ముందు సర్రుమనిపించింది.

"చూశారా? ఒక్కొక్కరికి అంగుళం తగ్గింది. అందరికీ! రేపు నాకు కూడా స్టేజీ మీద చప్పట్లు కొడతారట."

కాజాలాయన సూదిలో దారం ఎక్కించుకుంటున్నాడు. "అందరికీనా?"

"అందరికీ."

"మన అగ్గిపుల్లకి కూడానా?"

"దానికీ అంగుళం."

"అగ్గిపుల్లకి అంగుళం తగ్గితే ఇంక మిగిలేది తలేనే" అన్నాడాయన. సూది పక్కన పెట్టాడు. "మొదటిసారి ఏ టేపుతో కొలిచావు?"

"నాదే, పాతదే."

"ఎవరు రాశారు?"

"టీచరమ్మ..." అంటూనే టైలరమ్మ మెడలోని పాత టేపు తెగిన కొసని తడుముకుంది.

కాజాలాయన ముందు నవ్వు ఆపుకున్నాడు. తర్వాత ఆగలేదు. బల్ల మీద నుంచి జారి గుడ్డ ముక్కల కుప్పలో పడి కూడా నవ్వుతూనే ఉన్నాడు. లేచాక తన పుస్తకం తెరిచి బడి తెరిచినప్పుడు కుట్టిన యూనిఫారాల కొలతలు చూపించాడు. ఇవాళ టైలరమ్మ చదివిన అంకెలే అక్కడా ఉన్నాయి, ఒకరిద్దరికి అర అంగుళం అటూ ఇటూ. తగ్గింది ఎవరి నడుమూ కాదు. ఇరవై ఏళ్ల కిందట కత్తెర తినేసిన అంగుళమే ఇప్పుడు నూట పన్నెండు సార్లు తగ్గింది.

"అందరూ సంతోషంగా ఉన్నారు. ఊరుకో" అన్నాడు.

"ఎలా ఊరుకోనండీ? కొలత నా నోటి నుంచి వచ్చింది."

"చెబితే ఆటల గంట పోతుంది."

"చెప్పకపోతే నా కొలత పోతుంది. వచ్చే ఏడాది ఆ అంకెలతో యూనిఫారాలు కుట్టమంటే ఏం చేస్తాను?"

చెప్పేద్దామని అప్పటికప్పుడు బడికి వెళ్లింది. టీచరమ్మ గోడకి పెద్ద చార్టు అంటిస్తోంది. ప్రతి పిల్ల పేరు పక్కనా రంగు కాగితం పట్టీలు. ముక్కు మీద జిగురు.

"మీరు లేకపోతే ఇది అయ్యేదే కాదండీ" అంటూ టైలరమ్మ రెండు చేతులూ పట్టుకుంది.

వీధిలో ఎవరింట్లో కుక్కర్ ఎన్ని కూతలు కూసిందో కూడా దాచుకోలేని టైలరమ్మ ఆ రోజు అసలు సంగతి మింగేసింది. "ముక్కు మీద జిగురుందమ్మా" అని మాత్రం చెప్పి వచ్చేసింది.

శనివారం రిపేరు బట్టలు బడికి తీసుకెళ్లి ఇచ్చే రోజు కూడా. పెద్ద మూట కట్టుకుని హాలుకి వెళ్లి, కుర్చీ కింద పెట్టుకుని కూర్చుంది. బెంచీల మీద తల్లిదండ్రులు, ముందు వరసలో లెక్కల మాస్టారు, వెనక తలుపు దగ్గర కాజాలాయన. టీచరమ్మ చార్టు చూపించింది. మాస్టారు కళ్లజోడు తుడుచుకుని, కూడి, భాగించి, మళ్లీ కూడాడు.

"సగటున అంగుళం. నేను ఓడిపోయానమ్మా, గంట నీదే" అన్నాడు. హాలంతా చప్పట్లు. కొలతలు తీసినావిడ వచ్చి రెండు మాటలు చెప్పాలన్నారు.

టైలరమ్మ లేచింది.

"ఆ చప్పట్లు వెనక్కి తీసుకోండి" అంది. "ఎవరికీ ఏమీ తగ్గలేదు."

పాత టేపు మెడలోంచి తీసి, లేని అంగుళం చూపించి, కత్తెర సంగతి, మొగుడి చేతి సంగతి మొత్తం చెప్పేసింది. హాల్లో మొదట ఎవరికీ అర్థం కాలేదు. అర్థమైన వాళ్లు నవ్వాలో వద్దో తెలియక పక్కవాళ్ల మొహాలు చూశారు. టీచరమ్మ మొహం పాలిపోయింది.

"తప్పు నాది కూడా" అంది మెల్లగా. "టేపు చూసుకోవాల్సింది నేనే."

మాస్టారు కాగితం మీద అంకెలన్నీ కొట్టేశాడు. "అంటే ఫలితం సున్నా."

"సున్నాయే మాస్టారూ."

"సున్నాకి రోజూ గంట ఇవ్వడం ఏ లెక్క? సోమవారం నుంచి ఆ గంట లెక్కలకి."

బెంచీల వెనక ఎక్కడో అగ్గిపుల్ల గొంతు, "అమ్మమ్మా!" అంది. అంతే. టైలరమ్మకి చిర్రెత్తుకొచ్చింది.

"మీరు నడుం కొలవమన్నారు, కొలిచాను. పిల్లంటే నడుం ఒక్కటేనా మాస్టారూ? మోకాళ్లు లేవా? చంకలు లేవా? జేబులు లేవా?" అంటూ వెళ్లి కుర్చీ కింద మూట లాగి ఆయన ముందు బల్ల మీద గుమ్మరించింది. "ఇదిగో, ఇవీ కొలవండి. ఇది మోకాలు చిరిగింది, అతుకు వేశాను. ఇదీ మోకాలే. ఈ చొక్కా బంతి విసిరి చంక కింద విచ్చిపోయింది. ఈ స్కర్టు అంచు కాలి కింద పడి ఊడింది. ఈ పంట్లాం రెండు మోకాళ్లూ పోయాయి, పోయిన వారమే వేసిన అతుకు మీద అతుకు వేశాను. ఈ జేబులో చెయ్యి పెట్టండి. పెట్టండి, కరవదు."

మాస్టారు పెట్టాడు. వేరుసెనగ తొక్కలు, రెండు గులకరాళ్లు, నారింజ గింజలు, తాడు ముక్క.

"నూనె తగిలిందా చేతికి?"

"లేదు" అన్నాడాయన, వేళ్లు రుద్ది చూసుకుని.

అలవాటైన ప్రాణం కదా, కుప్ప కనపడితే లెక్కపెట్టకుండా ఉండలేడు. ఒక్కొక్కటీ తీసి పక్కన పెడుతూ పెదవులు కదిపాడు. "ముప్పై నాలుగు. ఇవన్నీ ఈ మూడు నెలలవా?"

"ఈ వారానివి."

"ఆటలు రాకముందు వారానికి ఎన్ని?"

వెనక తలుపు దగ్గర్నుంచి కాజాలాయన అందుకున్నాడు. "ఆరో ఏడో. చిరిగినవి కావు. అన్నీ నడుం వదులు చేయడాలే."

"మరి ఇప్పుడు నడుం వదులు చేయడాలు?"

"ఈ నెలలో ఒక్కటే."

"ఒక్కటా! చూశావామ్మా, ఇది అంకె అంటే!" అంటూ మాస్టారు కాగితం మీద గబగబా రాసుకున్నాడు. "ఎవరిదది? ఆ ఒక్కరినీ కూడా ఆటల్లోకి దించితే లెక్క పూర్తిగా సరిపోతుంది."

కాజాలాయన తలుపు గొళ్లెం సవరించడం మొదలుపెట్టాడు.

"చెప్పవయ్యా, ఎవరిది?"

"మీదే మాస్టారూ" అన్నాడు కాజాలాయన. "గోధుమరంగు పంట్లాం. రేపు ఇస్తానన్నాను."

హాలు కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. టీచరమ్మ కూడా, కళ్లు తుడుచుకుంటూ. మాస్టారు చెవులు ఎర్రబడ్డాయి. కాసేపు తన పొట్ట వంక చూసుకున్నాడు, కాసేపు ముప్పై నాలుగు వంక చూసుకున్నాడు. చివరికి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"గంట ఉంటుంది" అన్నాడు. "అంకె ముందు ఎవరైనా తల వంచాల్సిందే. కానీ టైలరమ్మా, వచ్చే ఏడాది యూనిఫారాలకి మోకాళ్ల దగ్గర మొదటి నుంచే రెండు పొరలు వెయ్యి."

"అది మీరు చెప్పాలా? గుడ్డ ఇప్పుడే కత్తిరించి పెట్టాను" అంది టైలరమ్మ. అది అబద్ధం. ఇంటికి వెళ్లి కత్తిరించింది.

ఆ సాయంత్రం పిల్లలు బడి ఆవరణలో ఎంత గోల చేశారంటే, టైలరమ్మ కిటికీ మూసి కుట్టుకోవాల్సి వచ్చింది. రెండు నిమిషాలే మూసింది. ఆ తర్వాత ఏం జరుగుతోందో కనపడక మళ్లీ తెరిచింది.

సోమవారం చివరి గంటకి కాస్త ముందు, కాన్వాసు బూట్లు వేసుకుని లెక్కల మాస్టారు కొట్లోకి వచ్చాడు. అటూ ఇటూ చూసి తలుపు దగ్గరగా వేశాడు.

"ఇవాళ్టి నుంచి పిల్లలతో పాటు నేనూ నడుస్తున్నాను. మూడు నెలలు. కొలత తీసి రాసి ఇవ్వు, మా ఇంటావిడకి చూపించాలి."

"దానికేం, తీస్తాను. ఏ టేపుతో తియ్యమంటారు?" టైలరమ్మ ఒక చేత్తో మెడలోని పాతది, ఇంకో చేత్తో ఎర్ర డబ్బా పట్టుకుంది. "ఇదా, ఇదా?"

నలభై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి. కిటికీలోంచి ఓసారి బయటికి చూశాడు. గొంతు తగ్గించాడు.

"ఇప్పుడు పాతది" అన్నాడు. "మూడు నెలల తర్వాత కొత్తది."

టైలరమ్మ పెదవి కొరుక్కుని పాత టేపు ఆయన పొట్ట చుట్టూ వేసింది. కనపడిన అంకె కనపడినట్టు చదివింది.

"నలభై మూడు."

కాజాలాయన పెన్ను తీశాడు. ఇరవై ఏళ్లలో మొదటిసారి, నలభై మూడే రాశాడు.